చట్రానికి రెండో కొస

మా అన్నయ్య ఎల్వుడ్ టీటర్ ఎలాంటివాడని అడిగితే మా ఊళ్ళో ఎవరైనా ఒకటే చెబుతారు: "మాట్లాడడు గానీ మంచివాడు." ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మాట్లాడకపోవడమేమిటి? చిన్నప్పుడు నన్ను ఏడిపించడానికి ఆ నోరు బ్రహ్మాండంగా పనిచేసింది. పెద్దయ్యాక బతుకంతా పాల లారీ తోలాడు. చీకటితోనే లేచి, కొండ చుట్టూ ఉన్న ప్రతి పశువులశాల దగ్గరా ఆగేవాడు. ఆవు ఈనిందా, ఎండుగడ్డి లోపల పెట్టారా, మీ ముసలామెకి మోకాలు నొప్పి తగ్గిందా అని అడిగి, పాలతో పాటు ఊరి కబుర్లన్నీ లారీకి ఎక్కించుకొచ్చేవాడు. మంచు మోకాలి లోతున పడ్డ రోజుల్లో కూడా పాలు ఆగలేదు, కబుర్లూ ఆగలేదు.

అసలు సంగతేమిటంటే, వాడు మాట్లాడనిది ఒక్క మనిషితోనే. ఆ మనిషి నా మొగుడు.

నా పేరు నెల్డా. కార్వర్స్ మిల్ ప్రెస్బిటేరియన్ చర్చిలో వంటింటి కమిటీకి పెద్దని. వేసవి సెలవులకి బడులు మూసేసిన మర్నాటి నుంచీ మాకు తీరిక ఉండదు. బడి భోజనం లేని పిల్లలకి చర్చి కింది గదిలో రోజూ మధ్యాహ్నం అన్నం పెట్టాలి. గురువారం సాయంత్రాలు పచ్చిక మీద బ్యాండు వాయిస్తుంటే ఐస్‌క్రీము పంచాలి. ఇవన్నీ ఆడవాళ్ళ చేతుల మీదుగా చప్పుడు లేకుండా జరిగిపోతాయి. జులైలో కోళ్ళు కాల్చే శనివారం మాత్రం మగవాళ్ళ పని. అందుకని నెల ముందు నుంచీ ఊరంతా దాని మాటే.

సిమెంటు ఇటుకలతో నడుమెత్తు గోడలు పేర్చి, మధ్యలో బొగ్గులు పోసి నిప్పు చేస్తారు. రెండు ఇనుప వలల మధ్య సగం సగంగా కోసిన కోళ్ళని పరిచి బిగిస్తారు. ఆ చట్రానికి ఈ కొసన ఒకడు, ఆ కొసన ఒకడు నిలబడతారు. ఒకడు "తిప్పు" అనగానే ఇద్దరూ ఒక్కసారే లేపి తిరగెయ్యాలి. ఒకడు లేపి ఇంకొకడు ఆలస్యం చేశాడా, కోళ్ళన్నీ నిప్పుల పాలే. తిప్పినప్పుడల్లా పైన సాసు చల్లాలి. అందుకు తోటలో మందు కొట్టే పంపు లాంటిదే ఒకటి, సాసుకి తప్ప దేనికీ వాడనిది, చర్చి బీరువాలో ఉంటుంది.

మా అన్నయ్యా, నా మొగుడు క్లేటనూ ఒకే చట్రానికి రెండు కొసలు. తొమ్మిదేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా నడిచిన సంభాషణ మొత్తం ఆ ఒక్క మాటే. "తిప్పు."

అంతకు ముందు ఇలా ఉండేది కాదు. చలికాలం చెరువు గడ్డకట్టగానే ఇద్దరూ మంచుకి కన్నం పెట్టి, ఒకే బల్ల మీద కూర్చుని చేపలు పట్టేవాళ్ళు. బావా అంటే బావా అని ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్ళు. ఆదివారం ఆరాధన అయ్యాక అన్నయ్యా, వదిన లోర్నా మా ఇంట్లోనే భోజనం. బంగాళాదుంపలు ఎవరు ఎక్కువ తిన్నారన్న దాని మీద పోట్లాట.

అప్పట్లో ఊళ్ళో రెండు ప్రెస్బిటేరియన్ చర్చిలు ఉండేవి. ఒకటి కొండ మీద, ఒకటి వాగు పక్కన. పూర్వం దేనికోసం విడిపోయారో ఎవరికీ గుర్తు లేదు గానీ, విడిపోవడం మాత్రం బాగా గుర్తుంది. మేం కొండవాళ్ళం, క్లేటన్ వాళ్ళు వాగువాళ్ళు. పెళ్ళయ్యాక కూడా నేను చాలాకాలం కొండ మీదికే వెళ్ళేదాన్ని. చివరికి రెండు చోట్లా బెంచీల కంటే మనుషులు తక్కువైపోయి, రెండిటినీ కలిపేశారు. ఏ భవనం ఉంచుకోవాలి, ఎవరి పియానో ఉంచుకోవాలి అన్నవన్నీ మర్యాదగానే తేలిపోయాయి. చట్రానికి ఒక కొసన కొండవాడు, రెండో కొసన వాగువాడు ఉండాలని పెద్దలు అంటే, మా వాళ్ళిద్దరూ నవ్వుతూ ముందుకొచ్చారు.

సాసు దగ్గర పీటముడి పడింది. కొండ సాసు మా అమ్మది. వినిగరు, నూనె, గుడ్డు, ఉప్పు, ఎండు ఆకులు. వాగు సాసులో టమాటా, బెల్లంరంగు చక్కెర. దీనికి కూడా కమిటీ వేశారు. ప్రెస్బిటేరియన్లం కదా, ఇల్లు కాలుతున్నా ముందు కమిటీ వేస్తాం. ఆ మీటింగులో మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయనకి నలుగురిని నవ్వించడం సరదా. "మా అత్తగారి సాసుతో కిటికీలు తుడిస్తే అద్దాలు తళతళలాడతాయి. కోళ్ళ మీద పోసి దండగ చెయ్యడమెందుకు?" అన్నాడు. గదంతా గొల్లున నవ్వింది.

అమ్మ వెనక వరసలో కూర్చుని ఉంది. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే, రుచి చూపిద్దామని తెచ్చిన సాసు సీసాని మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది. ఆ సీసా సంచిలోకి వెళ్ళడం అన్నయ్య చూశాడు.

ఆ చలికాలమే అమ్మ పోయింది. ఆమెకి ముందు నుంచే గుండె జబ్బు. కిటికీ మాటకీ దానికీ సంబంధం లేదని నాకు తెలుసు, అన్నయ్యకీ తెలుసు. కానీ సమాధి దగ్గర క్లేటన్ చెయ్యి చాస్తే అన్నయ్య పట్టుకోలేదు. "అత్తగారే నవ్వారు కదా, వీడికేమిటి?" అని ఈయన బిగుసుకున్నాడు. ఒకరిది మొండితనం, ఇంకొకరిది అంతకు రెండింతలు. మధ్యలో నలిగింది నేను.

కమిటీ ఏం తేల్చిందంటారా? సగం అదీ, సగం ఇదీ. రెండూ కలిపితే గులాబి రంగులో ఒక ద్రవం వచ్చింది. పుల్లగానూ లేదు, తియ్యగానూ లేదు. ఊరు దానికి ఐక్య సాసు అని పేరు పెట్టింది. అది ఒక్కరికి కూడా నచ్చలేదు. కానీ తీర్మానం అయిపోయింది. మళ్ళీ ఆ సంగతి లేవదీస్తే పాత పుండు రేగుతుందని ప్రతి ఏడూ అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "సాసు పోయినేటి లాగానే" అని చేతులెత్తేవాళ్ళు. తొమ్మిదేళ్ళు ఆ నీళ్ళే పోశాం.

అన్నయ్య చట్రం వదల్లేదు. వదిలితే ఓడిపోయినట్టని వాడి లెక్క. క్లేటనూ వదల్లేదు. కానీ అన్నయ్య మా గుమ్మం తొక్కడం మానేశాడు. నాతో మాట్లాడాలంటే లారీ ఆపి అందులోంచే మాట్లాడేవాడు. లోర్నా ఉన్నన్నాళ్ళు ఆమె వచ్చిపోతుండేది. మూడేళ్ళ కిందట ఆమె కూడా పోయింది. అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నం నేను మా బల్ల మీద వేడివేడి కోడిమాంసం వడ్డిస్తుంటే, రెండు వీధుల అవతల మా అన్నయ్య డబ్బాలోని సూపు వెచ్చబెట్టుకుని నిలబడి తాగేవాడు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు. వాడు నా బల్ల దగ్గర కూర్చోవాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

లోర్నా పోయినప్పుడు నీలి పూల గాజుగిన్నెలో నూడుల్సూ, కోడీ కలిపి కాల్చి పంపాను. మా ఊళ్ళో ప్రతి గిన్నె అడుగునా ఎవరిదో పేరు అంటించి ఉంటుంది. తిన్నాక కడిగి తిరిగి ఇవ్వాలి, కానీ ఖాళీగా ఇవ్వకూడదు. ఏదో ఒకటి వండి నింపి ఇవ్వాలి. అన్నయ్యకి వంట రాదు. నా గిన్నె వాడి ఫ్రిజ్ మీద అలాగే ఉండిపోయింది.

"ఊరికే ఇచ్చెయ్యరా బాబూ, నా గిన్నె నాకు కావాలి" అన్నాను ఒకసారి.

"ఖాళీగానా? అమ్మ ఊరుకోదు" అన్నాడు.

అమ్మ పోయి ఎన్నేళ్ళయింది! అదీ గాక, నింపితే తెచ్చి ఇవ్వాలి. తేవాలంటే మా గుమ్మం ఎక్కాలి. నాకు తెలియదా?

ఈ వసంతంలో వాడి కుడి భుజానికి ఆపరేషన్ అయింది. కాఫీ కుండ కంటే బరువైనది ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. మా పాస్టరమ్మ హ్వాంగ్ వాడి ఇంటికి వెళ్ళి, "ఈ ఏడు చట్రం ఇంకెవరికైనా అప్పగిద్దామా?" అని మెల్లగా అడిగింది. "చూద్దాం" అన్నాడట. మా ఇంట్లో చూద్దాం అంటే వీల్లేదని. నాకు మాత్రం రెండు భయాలు. చట్రం పట్టుకుంటే భుజం విరుగుతుంది. పట్టకపోతే ఆ "తిప్పు" కూడా పోతుంది. ఆ ఒక్క ముక్కా పోయాక వాళ్ళిద్దరి మధ్యా ఏం మిగులుతుంది?

కోళ్ళ శనివారానికి రెండు రోజుల ముందు, పొద్దున్న గుడ్డు వేయిస్తుంటే క్లేటన్ కాఫీ కప్పులోకి చూస్తూ అడిగాడు.

"వాడి భుజం ఎలా ఉంది?"

"నీకెందుకు?"

"చట్రం పట్టేది నాతో కదా." చెంచాతో కాఫీ కలిపాడు. "మీ అమ్మ సాసులో గుడ్లు ఎన్ని?"

పెనం నా చేతిలోంచి జారబోయింది. "ఎందుకూ? మన కిటికీలు అంత మురిగ్గా ఉన్నాయా?" అన్నాను. తొమ్మిదేళ్ళుగా నాలిక చివర దాచుకున్న మాట అది. అని ఎంత హాయి పడ్డానో చెప్పలేను.

ఆయన తల ఎత్తలేదు. "ఆ మీటింగు అయిన వారానికి మీ అమ్మ ఇంటికెళ్ళాను నెల్డా. చూరు బాగుచేసే నెపం మీద. క్షమించమని అడుగుదామని. ఆవిడ కాఫీ ఇచ్చి, కేకు పెట్టి, 'అల్లుడూ, నిచ్చెన మీద జాగ్రత్త' అంది. నా నోరు పెగల్లేదు. మళ్ళీ వద్దాంలే అనుకున్నా. మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడ లేదు."

ఇన్నేళ్ళు ఒకే మంచం మీద పడుకుంటూ ఈ సంగతి నాకు చెప్పలేదీ మనిషి. కోపం రావాలి. రాలేదు. గుడ్డు మాడిపోయింది, అంతే.

శుక్రవారం సాయంత్రం చర్చి వంటింట్లో తలుపులు వేసుకుని అమ్మ సాసు కలిపాను. టమాటా చుక్క కూడా వెయ్యలేదు. కంచే చేను మేసినట్టు, వంటింటి కమిటీ పెద్దనైన నేనే తీర్మానం మీరాను. ఆకాశం విరిగి పడలేదు.

శనివారం తెల్లవారేసరికి బొగ్గులు రాజేశారు. నేను సాసు బకెట్టు పట్టుకుని వెళ్ళేసరికి క్లేటన్ ఒక్కడే వంగి కోళ్ళు పరుస్తున్నాడు. తన కొస వైపు లావుపాటివి ఇరికించి ఇరికించి పెడుతున్నాడు. రెండో కొస వైపు సన్నవి, దూరం దూరంగా. నన్ను చూసి చూడనట్టు ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను.

అన్నయ్య తోలు చేతొడుగులు వేసుకుని వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా తన కొస దగ్గర నిలబడ్డాడు. మొదటి వైపు కాలింది.

"తిప్పు" అన్నాడు క్లేటన్.

అన్నయ్య లేపాడు. చట్రం వాడి వైపు ఈకలా లేచింది. వాడి మొహం మారిపోయింది. చట్రాన్ని సగం గాల్లోనే పట్టుకుని ఆపేశాడు.

"నా వైపు కోళ్ళేవీ?"

పొయ్యి చుట్టూ ఉన్న మగవాళ్ళందరూ బొమ్మల్లా ఆగిపోయారు.

"ఉన్నాయిగా" అన్నాడు క్లేటన్.

"ఇవి కోళ్ళా, పావురాలా?"

"చిన్నవి నీ వైపు పడ్డాయి. నేనేం చెయ్యను?"

"తొమ్మిదేళ్ళు మోశాను నీతో. నా చేతికి బరువు తెలీదనుకున్నావా?"

"భుజం కోయించుకుని వచ్చి నాకు బరువుల పాఠం చెప్పకు!"

"నా భుజం సంగతి నీకెవడు చెప్పాడు?"

"ఊరంతా చెప్పింది! నువ్వు తప్ప!"

ఇద్దరి మొహాలూ జేగురు రంగు. చట్రం ఇంకా గాల్లోనే ఉంది. కింద కొవ్వు పడి మంటలు లేస్తున్నాయి. మా పాస్టరమ్మ నిమ్మరసం జగ్గు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "పెద్దలారా! చర్చ తర్వాత పెట్టుకుందాం. ముందు తిప్పండి!" అని అరిచింది. తిప్పారు. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తిట్టుకుంటే తిట్టుకున్నారు, మాట్లాడుకున్నారు కదా!

క్లేటన్ ఇంకో మనిషిని పిలిచి రెండో కొస పట్టుకోమన్నాడు. పంపు తీసి అన్నయ్య ముందు పెట్టాడు.

"ఇది పట్టు. ఒక చెయ్యి చాలు."

"పంపు కొట్టడం ముసలాళ్ళ పని."

"మనమేమన్నా పెళ్ళికొడుకులమా?"

అన్నయ్య గొణుక్కుంటూ ఎడమ చేత్తో పంపు అందుకుని చట్రం మీద చల్లాడు. వేడి మీద పడగానే సాసు చుయ్యిమంది, తెల్లటి ఆవిరి లేచింది. ఆ వినిగరు ఘాటు ముక్కుకి తగలగానే నేను మా పాత వంటింట్లో, అమ్మ పక్కన, స్టూలు మీద నిలబడి ఉన్నాను. అన్నయ్య చెయ్యి ఆగిపోయింది. పంపు మూత తీసి లోపలికి చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నేను ఆకాశంలో మబ్బులున్నాయేమో చూశాను.

"ఇందులో టమాటా లేదు" అన్నాడు, క్లేటన్‌తో.

"లేదు."

"తీర్మానం ఉంది."

"ఉంది."

"మరి?"

క్లేటన్ చట్రం పిడి వదిలి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఈసారి ఎవరినీ నవ్వించాలని చూడలేదు. "కిటికీ తుడిచి చూశాను బావా. అద్దం ఏమంత మెరవలేదు. ఆ రోజు నేను వాగింది తప్పు. ఇది కోళ్ళకి చేసిన సాసే."

అన్నయ్య పంపు మూత బిగించాడు. అటు తిరిగి మళ్ళీ చల్లడం మొదలుపెట్టాడు. ఒకే చట్రం మీద అవసరానికి మించి చల్లుతూనే ఉన్నాడు. నిప్పులు ఆరిపోతాయిరా అని అవతల నుంచి ఎవరో అరిస్తే గానీ ఆగలేదు.

ఎప్పటిలాగే మొదటి చట్రం కోళ్ళు మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళాయి. తర్వాత పచ్చిక మీద జనం బారులు తీరారు. ఒక పెద్దాయన ఒక ముక్క తిని, నమలడం ఆపి, నా దగ్గరికొచ్చి, "నెల్డా, ఈ ఏడు సాసు కొంచెం తేడాగా ఉందే" అన్నాడు. "ఎండలు ఎక్కువ కదా" అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా వెళ్ళి మళ్ళీ వరసలో నిలబడ్డాడు. వాగు వైపు ముసలావిడ ఒకామె, "టమాటా లేకపోతే నాకు ముద్ద దిగదమ్మా" అంటూ చేతిసంచిలోంచి తన సాసు సీసా తీసింది. ఆమెని చూసి ఇంకో నలుగురు తమ సంచుల్లోంచి సీసాలు తీశారు. అందులో కొండవాళ్ళూ ఉన్నారు, వాగువాళ్ళూ ఉన్నారు. ఐక్య సాసు పుట్టినప్పటి నుంచీ అందరూ ఎవరి సీసా వాళ్ళు దొంగతనంగా తెచ్చుకుంటున్నారన్నమాట!

సాయంత్రం అన్నయ్య ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయాడు. చివరి చట్రంలో నాలుగు ముక్కలు కాగితంలో చుట్టుకుని తీసుకెళ్ళాడని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మా ఆయన, "నేను చెప్పాల్సింది చెప్పాను" అని పడుకున్నాడు. పడుకున్నాడే గానీ నిద్రపోలేదు.

మర్నాడు ఆరాధనలో కూడా అన్నయ్య తన బెంచీలో తాను కూర్చున్నాడు. ఆమెన్ అనగానే మాయమయ్యాడు. నేను ఇంటికొచ్చి బల్ల సర్దాను. అలవాటుగా రెండు పళ్ళేలు పెట్టి, మూడోది చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పెట్టాలా వద్దా?

బయట లారీ ఆగిన చప్పుడయింది.

కిటికీలోంచి చూస్తే అన్నయ్య మెట్లెక్కుతున్నాడు. ఎడమ చంకలో నా నీలి పూల గిన్నె. ఎక్కడ పడేస్తాడోనని చేతిలో పళ్ళెంతోనే తలుపు తియ్యడానికి పరిగెత్తాను. లోపలికొచ్చి గిన్నె బల్ల మీద పెట్టి, పైన కప్పిన రేకు తీశాడు. నిన్నటి కోడి ముక్కలు. వాటి మీద ఎర్రగా, అంచులు మాడి, ముద్దముద్దగా ఏదో.

"వాగు సాసు" అన్నాడు. "ఆ టమాటా ముసలావిడని అడిగి నేనే చేశాను."

క్లేటన్ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"బావా, ఇది ఘోరంగా ఉంది."

"తెలుసు. మీ సాసు ఎప్పుడూ ఇంతే" అని అన్నయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మూడో పళ్ళెం వాడి ముందు పెట్టాను.  ముగ్గురం ఆ మాడిన కోడి అంతా తిన్నాం. బంగాళాదుంపలు ఎవరు ఎక్కువ తిన్నారని మళ్ళీ గొడవ పడ్డారు. గిన్నె కడిగి బోర్లిస్తే అడుగున పాత పేరు పోయి, కొత్త కాగితం మీద వాడి వంకర రాతలో నా పేరు అంటించి ఉంది.

వెళ్ళేటప్పుడు అదే గిన్నె నిండా నూడుల్సు పెట్టి, రేకు కప్పి, వాడి ఎడమ చంకలో ఇరికించాను.

"మళ్ళీ ఇదెందుకే? ఇప్పుడే కదా ఇచ్చాను!" అని లబోదిబోమన్నాడు.

"వచ్చే ఆదివారం తెచ్చిద్దువు గానీ. ఖాళీగా తేకు, అమ్మ ఊరుకోదు" అన్నాను.